కొత్త ఇంట్లో రెండు పిల్లులు, ఆరు సగం అల్లికలు

ప్రశ్న: మాది హిందూపురం. ఏడేళ్లు బెంగళూరు హొరమావులో గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఇంట్లో ఉన్నాం. నెల క్రితం సర్జాపూర్ రోడ్డు వైపు ఎనిమిదో అంతస్తులో సొంత ఫ్లాట్‌లోకి మారాం. నాకు రెండు పిల్లులు. చిట్టి ఆడది, ఒట్టి భయస్తురాలు. బూడిద మగవాడు, కాంపౌండంతా తిరిగిన వాడు. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చిట్టి పగలంతా వాషింగ్ మెషిన్ వెనకే ఉంటోంది. బూడిద రాత్రంతా తలుపు దగ్గర కూర్చుని అరుస్తున్నాడు, ఒకసారి మంచం తడిపాడు. నాకు ఊలు అల్లడం ఇష్టం. నాన్న స్వెట్టర్‌తో కలిపి ఆరు పనులు సగంలో ఉన్నాయి. మొన్న ఆదివారం ఆ స్వెట్టర్ ఊలు తెగి కనిపించింది, మూరెడు ముక్క ఎంత వెతికినా దొరకలేదు. అప్పటి నుంచి బూడిద రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా ఆయన "ఊలైనా తీసెయ్, పిల్లులనైనా ఎవరికైనా ఇచ్చెయ్" అంటున్నారు. వచ్చే నెల అత్తగారు వచ్చి మూణ్ణెల్లు ఉంటారు. ఆవిడకు క్రోషా చాలా బాగా వచ్చు, నాతో ఆ కబుర్లే చెబుతారు. కానీ ఇంట్లో పిల్లులుంటే రానంటున్నారు. ఇల్లు కొన్న సంతోషమే లేకుండా పోయింది. ఏం చేయమంటారు?
ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదవగానే మీకు విడిగా మెసేజ్ పెట్టాను, మిగతావన్నీ తర్వాత, ముందు బూడిదను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని. మీరు ఆ సాయంత్రమే వెళ్లారు. ఎక్స్‌రే, స్కానింగ్ రెండూ తీశారని, పేగుల్లో ఏమీ ఇరుక్కోలేదని, వాంతులు తగ్గి మళ్లీ మామూలుగా తింటున్నాడని రాశారు. ఆ మెసేజ్ చూశాకే నా మనసు కుదుటపడింది. మెసేజ్‌లలో మీరు రాసిన మిగతా సంగతులకూ ఇక్కడే కలిపి జవాబిస్తున్నాను. అయినా జవాబు ఆ ఊలు ముక్కతోనే మొదలుపెడతాను. ఇది చదివేవాళ్లలో ఎంతోమంది ఇళ్లలో పిల్లీ ఉంది, దారమూ ఉంది.

పిల్లి నాలుక మీద గొంతు వైపు వంగిన సన్నని ముళ్లుంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మేయడం దానికి చాలా కష్టం. నాకేకొద్దీ, నమిలేకొద్దీ లోపలికే పోతుంది. అలా మింగిన దారం ఒక కొస నాలుక కింద చుట్టుకుని గానీ, పొట్ట చివర ఇరుక్కుని గానీ ఆగిపోయిందనుకోండి, మిగతాది పేగులోకి సాగుతుంది. దాన్ని ముందుకు నెట్టాలని పేగు చూస్తుంది. దారం కదలదు. దాంతో పేగే దారం మీదికి ఎక్కి, లంగా బొందు లాగితే కుచ్చిళ్లు పడ్డట్టు ముడుచుకుపోతుంది. బిగుసుకున్న దారం పేగును లోపలి నుంచి కోసేస్తుంది కూడా. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే దాన్ని లాగకండి. చూస్తూ ఊరుకోలేక లాగేస్తారు చాలామంది. లోపల ఎక్కడ చిక్కుకుందో మనకు తెలియదు, లాగితే పేగు తెగవచ్చు. ఆముదం పట్టించడం, ఉప్పునీళ్లు పోసి కక్కించడం లాంటి ఇంటి వైద్యాలు అసలే వద్దు. అలాగే తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. దారం మింగిందన్న అనుమానాన్ని ముందే చెప్పండి, నాలుక కింద చూస్తారు. మామూలు ఎక్స్‌రేలో ఊలు కనిపించదు. పేగు ముడుచుకున్న తీరు, గాలి బుడగలు ఉన్న తీరు చూసి గ్రహిస్తారు. మీ డాక్టరు స్కానింగ్ కూడా చేయడం మంచి పని. వాంతులు, తిండి మానేయడం, మూల చేరి ముడుచుకుని పడుకోవడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, వీటిలో ఏది మళ్లీ కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు.

తెగిన ఊలు ఎప్పుడు కనిపించినా ముందు రెండు కొసలూ చేత్తో పట్టుకుని చూడండి. కత్తెర పడ్డ కొస ఒకే చోట నీటుగా ఆగుతుంది. పిల్లి కొరికిన కొస తడిసి, గట్టిపడి, పోగులు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా విడిపోయి ఉంటుంది. అలాంటి కొసలు రెండు ఉండి, మధ్య ముక్క కనిపించకపోతే అది పొట్టలో ఉన్నట్టే లెక్క. అదే ఊలు బెత్తెడు కత్తిరించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. ఎంత మందమో, ఎంత గట్టిదో ఆయనకు చేతికి తెలుస్తుంది. ఇంకో మాట. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీలో ఆసుపత్రి ఉంది కానీ, సాయంత్రం పూట సర్జాపూర్ రోడ్డు నుంచి అక్కడికి చేరేసరికి ఎంతసేపవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర్లో ఒక డాక్టరు నంబరు, రాత్రిళ్లు కూడా తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఒకటి, ఫ్రిజ్ మీద రాసి అతికించండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. ఊలు తీసెయ్యాలా, పిల్లుల్ని పంపెయ్యాలా? నా జవాబు రెండూ వద్దనే. ఇంకా చెప్పాలంటే, మీ ఇంట్లో ఇప్పుడున్న చిక్కు విప్పడానికి మీ అల్లికే పనికొస్తుంది. ఎలాగో చిట్టి దగ్గర చెబుతాను.

పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అది తల్లి తన ఇష్టంతో చేసే పని. పెరిగిన పిల్లికి ఇల్లు మారడమంత కష్టం ఇంకొకటి లేదు. మనం గోడలు, కిటికీలు చూసి ఇల్లు గుర్తుపడతాం. అది వాసన చూసి గుర్తుపడుతుంది. తలుపు అంచులకు, కుర్చీ కాళ్లకు బుగ్గలు రుద్ది తన గుర్తు పెట్టుకుంటుంది. హొరమావు ఇంట్లో చిట్టి ఏళ్ల తరబడి పెట్టుకున్న గుర్తులన్నీ ఒక్కరోజులో పోయాయి. ఇక్కడ ఎటు చూసినా కొత్త పెయింటు, వార్నిష్, కొత్త సోఫా వాసన, లిఫ్ట్ చప్పుడు. దానికి దొరికిన ఒకే ఒక్క ఇరుకు చోటు ఆ మెషిన్ వెనక. చేతులు పెట్టి లాక్కురాకండి. కానీ అక్కడే వదిలేయకండి కూడా. అక్కడ మోటారు అదురుతుంది, పైపులు, వైర్లు ఉంటాయి, పక్కనే యుటిలిటీ బాల్కనీ. మెషిన్ వేసే ప్రతిసారీ డ్రమ్ములో చెయ్యి పెట్టి చూశాకే తలుపు మూయండి. వెచ్చని బట్టలున్న డ్రమ్ము పిల్లులకు మహా ఇష్టం.

మీరు వచ్చిన మొదటిరోజే ఇల్లంతా దానికి వదిలేశారు. నెలైనా పర్వాలేదు, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చు. చిన్న బెడ్‌రూమ్ దానికి ఇచ్చేయండి. షిఫ్టింగ్‌లో మిగిలిన అట్టపెట్టె ఒకటి తీసుకుని రెండు వైపులా కన్నాలు కోయండి, ఒకవైపు భయమేస్తే ఇంకోవైపు నుంచి పోయేలా. లోపల మీరు కప్పుకున్న పాత దుప్పటి ఉతక్కుండా పరవండి. ఒక మూల అది దొడ్డికి పోయే మట్టి ట్రే, దానికి ఎదురు మూల తిండి, నీళ్లు. ఎక్కి కూర్చోవడానికి బీరువా పైన కాస్త చోటు. పాత ఇంట్లో ట్రేలో పోసే మట్టి (లిట్టర్) ఏది వాడారో అదే వాడండి, వాడిన మట్టి గుప్పెడు కొత్త ట్రేలో కలపండి. ఒక మెత్తని గుడ్డతో చిట్టి బుగ్గలు నిమిరి, అదే గుడ్డను ఆ గది తలుపు చట్రానికి పిల్లి ఎత్తులో రుద్దండి. తిండి గిన్నె ఇప్పుడు మెషిన్ దగ్గరే పెడుతున్నారు కదా, రోజుకో అడుగు చొప్పున గది వైపు జరపండి. ఇల్లు సద్దుమణిగాక అదే వస్తుంది.

ఇక అల్లిక సంగతి. ఆ గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, నేల మీద చాప వేసుకుని కూర్చోండి. స్వెట్టర్ తీసి అల్లుకోండి. చిట్టిని పిలవకండి, దాని వైపు చూడకండి. బెదిరిన పిల్లికి కావలసింది ఒకేచోట గంటసేపు కదలకుండా కూర్చునే మనిషి, తన వైపు చెయ్యి చాచని మనిషి. అల్లేవాళ్లకన్నా బాగా ఆ పని ఎవరు చేయగలరు? చేతులు ఒకే తీరున కదులుతుంటాయి, చూపు సూదుల మీద ఉంటుంది, మీ వాసన గదంతా ఉంటుంది. మొదట్లో పెట్టెలోంచి చూస్తుంది. తర్వాత చాప అంచు దాకా వచ్చి వాసన చూసి వెళుతుంది. ఎప్పుడైనా కళ్లు కలిస్తే నెమ్మదిగా రెప్పలు వాల్చి తెరవండి, పిల్లుల్లో అది స్నేహానికి గుర్తు. చిట్టి ఊలు కొరికే రకం కాదని రాశారు, అయినా గదిలోంచి లేచేటప్పుడు ఊలు మీతోపాటే రావాలి. బూడిద మాత్రం ఆ గంటా బయటే ఉండాలి. మీవారు వాడితో ఆడుకుంటారు, దాని గురించి కిందికి వస్తాను.

ఒక హెచ్చరిక. చిట్టి రాత్రిపూటైనా తింటోందా లేదా అని గిన్నె చూసి ఖాయం చేసుకోండి. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి జబ్బు చేస్తుంది, బొద్దుగా ఉన్న పిల్లులకు ఇది ఇంకా ప్రమాదం.

బూడిద విషయం వేరు. వాడికి భయం లేదు, తోచడం లేదు. కాంపౌండ్ గోడలు, చెట్లు, పక్కింటి మెట్లు అన్నీ తనవే అనుకున్నవాడిని తీసుకొచ్చి ఎనిమిదో అంతస్తులో పెట్టాం. ఊలు కొరకడానికి అది కూడా కారణం కావచ్చు. కొన్ని పిల్లులకు ఊలు, గుడ్డ నమిలే అలవాటు పుట్టుకతోనే ఉంటుంది. విసుగు, బెంగ ఉంటే అది ముదురుతుంది. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పావుగంట చొప్పున కర్రకు కట్టిన బొమ్మతో పరుగెత్తించి ఆడించాలి. ఎగిరి, పట్టుకుని, కరిచి, అలిసిపోయాక అప్పుడు రాత్రి తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్లు నాక్కుని పడుకోవడం పిల్లి ధర్మం, ఆ వరస మనం ఇంట్లో తెప్పించాలి. ఆట అయ్యాక ఆ కర్ర కూడా అలమరలోకి వెళ్లాలి, దానికీ దారం ఉంది కదా. రాత్రి అరిస్తే లేచి తిట్టకండి, బుజ్జగించకండి. రెండూ వాడికి జవాబు దొరికినట్టే. రోడ్డు, చెట్లు కనిపించే కిటికీ దగ్గర ఒక స్టూలు వేయండి.

మంచం తడిపిన దానికి కోపం తెచ్చుకోకండి. కానీ ఒకటి గమనించండి. మగ పిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, చుక్క చుక్కగా పోస్తూ, లేదా అసలు రాక అరుస్తూ ఉంటే అది మూత్రం దారి మూసుకుపోవడం. టెన్షన్‌లో ఉన్న పిల్లులకు మూత్రాశయం సమస్యలు రావడం మామూలే, మగవాటికి ఆ దారి సన్నం. దానికి గంటలే గడువు, అర్ధరాత్రయినా బయల్దేరాలి. అలాంటిదేమీ లేకుండా ఒక్కసారే అయితే ట్రేల సంగతి చూడండి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలి, అంటే మీకు మూడు. ఫ్లాట్‌లో మూడు ట్రేలా అంటారేమో. చిట్టి గదిలో ఒకటి, కామన్ బాత్‌రూమ్‌లో ఒకటి, హాలు మూల ఒకటి. కొన్నాళ్లకు రెండు సరిపోతే సరిపోతాయి. తడిసిన పరుపును పిల్లుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. ఫినాయిల్ మాత్రం వద్దు. అలాంటి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. నేల తుడిచిన ఫినాయిల్ పాదాలకు అంటుకుని, నాక్కున్నప్పుడు పొట్టలోకి పోతుంది. కొత్త ఇల్లు కదా అని పనమ్మాయి రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తుంటే ఈరోజే మాన్పించండి.

బాల్కనీకి వల వేయించారా? మీరు రాయలేదు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా ఏమీ కాదన్న మాట నమ్మకండి. గాల్లో తిరిగి కాళ్ల మీద పడుతుంది నిజమే, కానీ దవడ, ఛాతీ, కాళ్లు విరుగుతాయి, ప్రాణాలూ పోతాయి. బెంగళూరులో పావురాల కోసం అందరూ కట్టించే నైలాన్ వల బూడిద లాంటి వాడు కొరికేస్తాడు. స్టీలు మెష్ అడగండి. స్లైడింగ్ కిటికీల దోమతెర పిల్లి పాదంతో జరపగలదు, దానికి లాక్ పెట్టించండి. ముందు యుటిలిటీ బాల్కనీ చేయించండి, ఖాళీలు ఎక్కువ ఉండేది అక్కడే.

అసోసియేషన్ వాళ్లు పిల్లుల గురించి ఏదో అన్నారని మెసేజ్‌లో రాశారు. దాని గురించి బెంగ అక్కర్లేదు. పెంపుడు కుక్కలను నిషేధించే హక్కు నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గడప దాటని మీ పిల్లులకు అభ్యంతరం ఏముంటుంది? ట్రే మట్టి కాగితంలో గట్టిగా చుట్టి పారేయండి, వాసన బయటికి రానివ్వకండి. అంతకు మించి వాళ్లకు జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ఊలు ఎక్కడ దాచాలన్నది తేల్చుకుందాం. బుట్టలు, గుడ్డ సంచులు, జిప్ ఉన్న బ్యాగులు, ఏవీ నమ్మకండి. మూత బిగుసుకునే డబ్బా కావాలి. ఇంట్లో వాడకుండా పెట్టిన పెద్ద స్టీలు బియ్యం డబ్బా ఉంటే అంతకన్నా మంచిది లేదు. అల్లేటప్పుడు ఊలు ఉండను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పక్కన చిన్న కన్నం చేసి, పోగు అందులోంచి లాక్కోండి. ఫోన్ మోగినా, పాలు పొంగినా, సూదులతో సహా డబ్బాలో పడేసి మూత పెట్టాకే లేవాలి. అతుకులు కుట్టే సూదిని దారంతో ఉంచి పక్కన పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం, పిల్లి దారం మింగుతూ సూదిని కూడా మింగేస్తుంది.

ఊలుకు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసే అలవాటు మనకుంది. పిల్లులున్న ఇంట్లో అవి విషం. తింటేనే కాదు, ఆ గాలి కూడా మంచిది కాదు. ఉన్నవన్నీ పారేయండి. ఉతికి, బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టిన ఊలుకు పురుగు రాదు. మన అమ్మలు వేసినట్టు ఎండు వేపాకు వేసుకుంటానంటే చిన్న గుడ్డ మూటలో కట్టి వేసుకోండి.

దారం ఊలు డబ్బాలోనే ఉండదు, దేవుడి గదిలోనూ ఉంటుంది. అత్తగారు వస్తున్నారంటున్నారు కనుక ఇది మరీ ముఖ్యం. మల్లెపూల దండ వాడిపోయాక దారంతో సహా పళ్లెంలో పడుంటుంది. నెయ్యిలో తడిపిన వత్తులు పిల్లికి ఘుమఘుమలాడే తిండి. వ్రతం చేసుకుని విప్పిన తోరం, గుమ్మానికి కట్టిన మామిడాకుల దారం, జడ రిబ్బను, ఇవన్నీ ఊలంత ప్రమాదమే. దేవుడి అలమరకు తలుపు పెట్టించండి, తీసిన దండలు అప్పటికప్పుడే మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు బొకేలు తెస్తారు. వాటిలో పెద్ద పెద్ద రేకులతో, గోధుమరంగు పుప్పొడితో ఉండే లిల్లీ ఒక్కటి ఉన్నా గుమ్మంలోంచే పొరుగువాళ్లకు ఇచ్చేయండి. దాని ఆకు, పుప్పొడి, కుండీలో నీళ్లు, ఏది కాస్త పొట్టలోకి వెళ్లినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి. దండల్లో కట్టే మన లిల్లీపూలు వేరే, వాటితో ఆ భయం లేదు.

మీవారి మాట మిమ్మల్ని బాధపెట్టింది, నాకు అర్థమైంది. కానీ ఎప్పుడన్నారో చూడండి, వాడు వాంతి చేసుకున్నాకే కదా. భయపడ్డ మనిషి మాట అది. "ఏదో ఒకటి వదిలెయ్" అన్నవారికి పని అప్పజెప్పండి. మెష్ వాళ్లను పిలిపించడం, డాక్టర్ నంబర్లు రాసి పెట్టడం, రాత్రి బూడిదను ఆడించడం ఆయన వంతు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ల అమ్మతో మాట్లాడవలసింది ఆయన. మీరు మాట్లాడితే కోడలు మొండికేసిందంటారు. కొడుకు చెబితే ఇంటి సంగతి అవుతుంది.

అత్తగారికి ఏం చెప్పాలి? వచ్చేదాకా పిల్లులను దాచి, వచ్చాక చూసుకుందాం అనుకోవద్దు. ఆవిడకు ఇచ్చే గదిలోకి పిల్లులు రావని, వంటగట్టు ఎక్కనివ్వరని, దేవుడి అలమర మూసే ఉంటుందని ఆయన స్పష్టంగా చెప్పాలి, ఆ మాట మీరిద్దరూ నిలబెట్టుకోవాలి. మడి, ఆచారం ఉన్నవాళ్లకు వెంట్రుకల బాధ నిజమైన బాధే, తీసిపారేయకండి. ఆవిడ పట్టుచీర, పూజ బట్టలు మూసి ఉన్న బీరువాలో ఉండాలి. ఇంట్లో పిల్లి అరిష్టం అంటే మాత్రం వాదించకుండా ఒక్క మాట చెప్పవచ్చు. పసిపిల్లలను కాపాడే షష్ఠీదేవికి వాహనం పిల్లే. బెంగాల్‌లో ఆ తల్లిని ఇంటింటా కొలుస్తారు. అయినా రానంటే, అది ఆవిడ నిర్ణయం. ఆవిడ కోసం, ఏళ్లుగా మిమ్మల్ని నమ్ముకున్న జీవాలను ఎవరికో ఇచ్చేయడం, అదీ ఒక ఇల్లు మారిన బెంగ తీరకముందే ఇంకో ఇంటికి పంపడం, నేను ఒప్పుకోను. ఒకవేళ వస్తే, మీ ఆరు సగం పనుల్లో ఒకటైన బేబీ దుప్పటి అంచుకు క్రోషా వేసిపెట్టమని అడగండి. ఆవిడ దగ్గర మీరు నేర్చుకోవలసింది నిజంగానే ఉంది కదా.

ఆరు సగం పనుల గురించి సిగ్గుపడుతున్నట్టు రాశారు. అల్లేవాళ్ల ఇళ్లలో సగం పనులు లేని ఇల్లు నేను చూడలేదు. ఇల్లు మారిన మొదటి నెలల్లో ఏదీ పూర్తి చేయనక్కర్లేదు. కానీ ఆరూ డబ్బాలోంచి తీసి ఒక్కసారి చూడండి. మేనకోడలికి మొదలుపెట్టిన స్వెట్టర్ ఆ పాపకు ఇప్పుడు పట్టదని మీరే రాశారు. అది విప్పేయండి. విప్పిన ఊలు కుర్చీ వీపుకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా నీడలో వేలాడదీయండి, బూడిద అందుకోలేని చోట. ముడతలు సాగిపోయి మళ్లీ కొత్త ఊలులా తయారవుతుంది.

నాన్న స్వెట్టర్ మాత్రం పక్కన పెట్టకండి. షిఫ్టింగ్‌లో సూది జారి కుట్లు ఊడాయన్నారు. కంగారుపడి లాగకండి. మంచి వెలుతురులో బల్ల మీద పరిచి, ఊడిన వరుసకు ఒక వరుస కింద, సన్నని సూదిని ప్రతి కుట్టు కుడి కాలు (V లా కనిపించే కుట్టులో కుడి పక్క పోగు) కిందుగా ఎక్కించుకుంటూ పోండి. అన్నీ సూది మీదికి వచ్చాక పై వరుస విప్పేస్తే చాలు. ఇకముందు పని ఆపిన ప్రతిసారీ ఆ వరసలోంచి వేరే రంగు నూలు దారం ఒకటి దూర్చి ఉంచితే సూది ఊడినా కుట్లు పోవు. కొరికిన చోట తడిసిన కొసను కాస్త ఎక్కువే కత్తిరించేయండి. ముడి వేయవద్దు, ముడి వీపు మీద గుచ్చుకుంటుంది. కొత్త కొస, పాత కొస రెండూ జానెడు చొప్పున వదిలి వరుస మొదట్లో కలపండి, తర్వాత వెనకవైపు సూదితో అల్లేయండి. ఊలు తక్కువ పడి కొత్త ఉండలు కొనాల్సి వస్తే లేబుల్ మీద లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబర్) చూడండి. అదే రంగు పేరున్నా లాట్ మారితే ఛాయ మారుతుంది. అదే లాట్ దొరక్కపోతే రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది మార్చి మార్చి అల్లితే తేడా కంటికి ఆనదు.

ముందు, వెనక భాగాలు అయ్యాయి, చేతులే మిగిలాయని రాశారు. రెండు చేతులూ ఒకే సర్క్యులర్ సూది (రెండు సూదులను తీగతో కలిపినది) మీద, రెండు వేరు వేరు ఉండలతో, ఒకేసారి మొదలుపెట్టండి. ఒక చేయి పూర్తయి రెండోది మూలన పడే బాధ ఉండదు, కుట్లు పెంచిన చోట్లు రెండింటికీ సమానంగా వస్తాయి. రోజూ చిట్టి గదిలో కూర్చునే ఆ గంట దీనికే పెట్టుకోండి. హిందూపురంలో చలి మొదలయ్యేలోపు నాన్నకు అందుతుంది.